బసలో ఒక వాక్యం: స్పానిష్ వ్యాకరణ పరిచయం

సుక్మా జిల్లా 2012లో ఏర్పడక పూర్వం దంతెవాడ జిల్లాలోను, అంతకు ముందు పాత బస్తరు జిల్లాలోను ఉండిన కిష్టారం ప్రాంతంలో కోయ, తెలుగు, హిందీ భాషలు కలసి వినబడతాయి. ఇంట కోయ పలికే విద్యార్థి బడిలో హిందీ చదువుతాడు. అట్టి విద్యార్థికి స్పానిష్ మరీ దూరపు భాషయేమీ కాదు. ఈ వాక్యాన్ని పరిశీలించండి.

"దెమె లా యావె దె లా అబితాసియోన్ ఇ ఉనా తోఆయా, పోర్ ఫవోర్."

బసలో దిగిన అతిథి, గది తాళంచెవిని, ఒక తువాలును ఇమ్మని కోరుతున్నాడు. (మనవారికి హోటలు అనగానే భోజనమే స్ఫురిస్తుంది; స్పెయిన్ దేశపు 'ఓతెల్' మాత్రం ప్రధానంగా పడక కొరకు.)

'దెమె' అనగా 'నాకు ఇవ్వండి'. చనువున్నచోట 'దామె', అనగా 'నాకు ఇవ్వు'. తెలుగులో వలెనే మర్యాద క్రియారూపంలోనే ఇమిడి ఉన్నది. గౌరవార్థక సర్వనామం 'ఉస్తెద్' కూడా 'తమ దయ' అనే అర్థంగల పాత సంబోధన అరిగి ఏర్పడినదే.

హిందీవారి 'చాబీ', 'తౌలియా', 'కమరా' పోర్చుగీసు నుండి వచ్చిన పదాలు. 1498లో కాలికట్టు చేరిన పోర్చుగీసువారి భాష స్పానిష్‌కు సోదరి. లాటిన్ 'క్లావిస్' పోర్చుగీసులో 'చావె', స్పానిష్‌లో 'యావె' అయినది. పిలుచుటను తెలిపే 'క్లామారె' కూడా ఈ రీతిగానే మారి, స్పానిష్‌లో 'యామార్' అయినది. నేటి పోర్చుగీసులో ఆ 'చ' 'ష'గా పలుకుతున్నది. పాత ఉచ్చారణ హిందీ 'చాబీ'లో నిలిచిపోయినది! మన 'తువాలు' కూడా పోర్చుగీసు 'తోఆల్యా'యే. ఇక గదికి స్పానిష్‌వారు 'అబితాసియోన్' అంటారు. 'కమరా'కు బంధువైన 'కామరా' కూడా వారికి ఉన్నది గాని, బసలో అది వాడుక కాదు.

లింగం విషయమే చిక్కు. స్పానిష్‌లో తాళంచెవి, గది, తువాలు మూడూ స్త్రీలింగాలే. కనుకనే 'లా', 'ఉనా'. హిందీలో 'చాబీ' స్త్రీలింగంగా మిగిలినా, 'తౌలియా', 'కమరా' పుంలింగాలైనవి. పదం ప్రయాణించినప్పుడు లింగం వెంట రావలసిన నియమం లేదు. తెలుగులో వస్తువులకు ఈ భేదమే లేదు. గోండీ వర్గపు భాషలలో మరొక విశేషం: బహువచనంలో పురుషులకు ఒక రూపం, స్త్రీలకూ వస్తువులకూ కలిపి మరొకటి. తెలుగు 'వారు' స్త్రీపురుషులను కలుపుతుంది.

'దె' అనే షష్ఠ్యర్థక పదం తాళంచెవిని ముందుంచి, గదిని వెనుకకు నెడుతుంది. తెలుగు, కోయ, హిందీలలో గదియే ముందు. తెలుగు విద్యార్థి తరచు తడబడేది ఇక్కడనే. 'యావె దె లా అబితాసియోన్' అనే పదబంధాన్ని కుడి నుండి ఎడమకు చదివితే తెలుగు క్రమం వస్తుంది.