వాట్లు వేరు, వాట్-అవర్లు వేరు

తాతయ్య ఆక్సిజన్ కాన్సంట్రేటర్ లేబుల్ మీద 350 వాట్లని ఉంది. ఊళ్లో కరెంటు పోతే రెండు గంటలు రాదు. అందుకే పవర్ స్టేషన్ కొందామని నాన్న అన్నారు.

ఎకోఫ్లో రివర్ 2కి 256 వాట్-అవర్లు, బ్లూయెట్టి ఈబీ3ఏకి 268. రెండూ ఒకటేలే, చవకైంది తీసుకుందాం అనుకున్నా. తప్పు! వాట్-అవర్లంటే ట్యాంకులో నీళ్లు, వాట్లంటే కుళాయి సైజు. రివర్ 2 ఇచ్చేది 300 వాట్లే. ఎక్స్-బూస్ట్ ఉందిగా అంటారు. అది వోల్టేజ్ తగ్గించి నడిపే ట్రిక్. హీటర్లకి ఓకే, తాతయ్య మెషీన్‌కి నేను నమ్మను.

ఈబీ3ఏ 600 ఇస్తుంది. కానీ ఎంతసేపు? ఇన్వర్టర్లో 15 శాతం పోయిందనుకుంటే మిగిలేది 228. 350తో భాగిస్తే 39 నిమిషాలు!

రెండు గంటలకి 700, ఆ నష్టంతో కలిపి 824 కావాలి. అది దాటినవే ఇప్పుడు వెతుకుతున్నా. అప్పటిదాకా సిలిండర్ నిండుగా ఉంచమని నానమ్మకి చెప్పా.