కాన్సరు – కణగ్రాహకాలు

ఉర్దూలో కాన్సరును 'సర్తాన్' అంటారు. ఆ మాటకు ఎండ్రకాయ అని అర్థం. మన పంచాంగంలోని కర్కాటక రాశికి కూడ ఉర్దూలో అదే పేరు. గ్రీకుల 'కార్కినోస్', లాటినులోని 'కాన్సర్' కూడ ఎండ్రకాయలే. వ్రణం చుట్టూ ఉబ్బిన రక్తనాళాలు ఎండ్రకాయ కాళ్ళవలె కనిపించడం వలన ప్రాచీన వైద్యులు ఈ పేరు పెట్టినారని చెబుతారు. ఇన్ని భాషలలో పేరు ఒకటే కావడంవల్లనో ఏమో, వ్యాధి కూడ ఒకటేనని లోకం చాలాకాలం నమ్మింది. మరి రొమ్ము కాన్సరు సోకిన ఇద్దరు స్త్రీలలో ఒకరికి ప్రాణదానం చేసిన మందు రెండవవారికి ఏమాత్రం పనిచేయకపోవడానికి కారణమేమి? దీనికి సమాధానం చాలవరకు కణగ్రాహకాలలో ఉన్నది.

శరీరంలోని ఏ కణమూ తన ఇష్టం వచ్చినట్లు పెరగరాదు. పెరుగుమని, ఆగుమని, విభజన చెందుమని, చివరకు మరణించుమని కూడ దానికి వెలుపలినుండి ఆజ్ఞలు వస్తుంటాయి. వాటిని మోసుకొనివచ్చేవి హార్మోనులు, వృద్ధికారకాలు. హార్మోనులను రక్తం శరీరమంతటా త్రిప్పుతుంది. కాని ఊరంతా దండోరా వేసినా ఆ భాష తెలిసినవానికే విషయం బోధపడినట్లు, ఆ ఆజ్ఞను అందుకొనగల ప్రోటీను ఏ కణంలో ఉన్నదో ఆ కణమే స్పందిస్తుంది. ఆ ప్రోటీనునే గ్రాహకం అంటారు. కొన్ని గ్రాహకాలు కణత్వచంలో ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు దూసుకొని ఉంటాయి. వాటి తల వెలుపల, తోక లోపల. మరికొన్ని కణం లోపలనే ఉంటాయి. ఈస్ట్రోజెను అనే స్త్రీ హార్మోనుకు సంబంధించిన ప్రధాన గ్రాహకం ఈ రెండవ జాతిది. ఈస్ట్రోజెను క్రొవ్వులో కరిగే పదార్థం గనుక కణత్వచాన్ని దాటి కేంద్రకం వరకు పోగలదు. అక్కడ గ్రాహకంతో కూడి, కణవిభజనకు వలసిన జన్యువులను మేల్కొల్పుతుంది.

ఈ సంగతులేవీ తెలియని కాలంలో, 1896లో, గ్లాస్గో నగరపు శస్త్రవైద్యుడు జార్జి బీట్సన్ ఒక విచిత్రమైన చికిత్సను ప్రకటించినాడు. ముదిరిన రొమ్ము కాన్సరుతో ఉన్న ఒక స్త్రీకి అండాశయాలు తొలగించగా రొమ్ములోని వ్రణం కరిగిపోయినది. వ్యాధి రొమ్ములో, శస్త్రచికిత్స కడుపులో! ఆవులకు అండాశయాలు తీసివేస్తే పాలిచ్చే కాలం పెరుగుతుందన్న రైతుల అనుభవం ఆయన ఊహకు ఆధారం. అప్పటికి 'హార్మోను' అనే మాటే పుట్టలేదు. స్టార్లింగు దానిని 1905లో వాడినాడు. కణంలో గ్రహించే పదార్థమొకటి ఉండవలెనని కేంబ్రిడ్జిలో లాంగ్లీ ప్రతిపాదించినది కూడ ఆ సంవత్సరమే. అయితే బీట్సన్ చికిత్స సుమారు మూడింట ఒక వంతు స్త్రీలకే ఉపశమనం ఇచ్చింది. మిగిలినవారు శస్త్రచికిత్స బాధను ఊరకనే అనుభవించినారు. ఎవరికి గుణమిస్తుందో ముందుగా చెప్పే మార్గం అరవై ఏళ్ళవరకు ఎవరికీ తోచలేదు.

1950ల చివర చికాగో విశ్వవిద్యాలయంలో ఎల్వుడ్ జెన్సెన్ ఈస్ట్రోజెనుకు ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజనుతో గుర్తు పెట్టి, ఎలుకల శరీరంలో అది ఎక్కడెక్కడికి పోతుందో పరిశీలించినాడు. గర్భాశయం వంటి అవయవాలు హార్మోనును పట్టి ఉంచుకొన్నవి. ఇతర అవయవాలు వదలివేసినవి. పట్టి ఉంచినది గ్రాహకమే. అదే పరీక్ష రొమ్ము గడ్డలకు చేసినప్పుడు బీట్సన్ నాటి చిక్కు విడిపోయినది. గ్రాహకమున్న గడ్డకు హార్మోనును అందనీయకపోతే అది కృశిస్తుంది. గ్రాహకం లేని గడ్డకు హార్మోనుతో పనే లేదు. 1962లో ఇంగ్లండులోని ఐ.సి.ఐ. సంస్థలో డోరా రిచర్డ్‌సన్ తయారుచేసిన టామోక్సిఫెన్ గర్భనిరోధక మాత్రగా విఫలమైనా, ఈ గ్రాహకంలో తిష్ఠవేసి ఈస్ట్రోజెనుకు చోటులేకుండ చేయడంలో సఫలమైనది. గ్రాహకమున్న స్త్రీలు దానిని అయిదేళ్ళు వాడితే, తరువాతి కాలంలో రొమ్ము కాన్సరు మరణాలు సుమారు మూడవ వంతు తగ్గినవి. గ్రాహకం లేనివారికి ఫలితం శూన్యం.

ఇక్కడ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకొనడం అవసరం. ఆయన బృందం లెడర్లే ప్రయోగశాలలో తయారుచేసిన అమినోప్టెరిన్ 1948లో బాలల రక్తకాన్సరుకు తాత్కాలికంగానైనా ఉపశమనమిచ్చి కొత్త మార్గం తెరిచింది. ఆ కోవలోని మిథోట్రెక్సేటు ఫోలిక్ ఆమ్లపు పనిని అడ్డి కణవిభజననే ఆపుతుంది. అందువలన వేగంగా విభజన చెందే నోటి పొర, ఎముక మజ్జ కూడ దానివలన దెబ్బతింటాయి. గ్రాహకాన్ని గురిచూచే మందుల దారి వేరు. వాటికీ దోషాలు లేకపోలేదు గాని, అవి మొదట శత్రువు చిరునామా అడుగుతాయి.

కణత్వచంపై ఉండే హెర్-2 అనే గ్రాహకం కథ మరింత విపరీతమైనది. దానిని పిలిచే ప్రత్యేక వృద్ధికారకమేదీ ఇంతవరకు కనిపించలేదు. అది సాటి గ్రాహకాలతో జతకూడి లోపలికి వార్త పంపుతుంది. కొన్ని కాన్సరు కణాలలో దీని జన్యువు ప్రతులు అనేకమై, వేలలో ఉండవలసిన గ్రాహకాలు లక్షలకు పెరుగుతాయి. అప్పుడు అవి ఒకదానికొకటి తగిలి, పిలవని పేరంటానికి వెళ్ళినట్లు, ఏ ఆజ్ఞా లేకుండనే 'విభజించు' అని కేకలు వేస్తూనే ఉంటాయి. ఈ దోషమున్న రొమ్ము కాన్సరు త్వరగా తిరగబెడుతుందని 1987లో డెనిస్ స్లామన్ బృందం చూపించింది. దానిపై గురిపెట్టిన ప్రతిరక్షకం ట్రాస్టుజుమాబ్ 1998లో అమెరికాలో వాడుకలోకి వచ్చింది. ఒకప్పుడు అతి భయంకరమైన ఈ రకం నేడు మందుకు లొంగేవాటిలో ఒకటి. ఈ మందు వాడేటప్పుడు గుండెను కూడ పరీక్షిస్తూ ఉండవలె.

వ్యాధి ఇతర అవయవాలకు ప్రాకడంలో కూడ గ్రాహకాల పాత్ర ఉన్నది. సి.ఎక్స్.సి.ఆర్.-4 అనే గ్రాహకం తెల్ల రక్తకణాలకు దారి చూపేది. రొమ్ము కాన్సరు కణాలపై కూడ అది ఉన్నట్లు, దానిని ఆకర్షించే పదార్థం శోషరస గ్రంథులు, ఊపిరితిత్తులు, ఎముక మజ్జలలో అధికంగా ఉన్నట్లు 2001లో వెల్లడైనది. ఈ కాన్సరు ఎక్కువగా ప్రాకేదీ ఆ చోట్లకే.

కనుక గడ్డ తీసిన తరువాత వచ్చే రిపోర్టులో కాన్సరు అన్న ఒక్క మాట చాలదు. ఈస్ట్రోజెను గ్రాహకం, ప్రొజెస్టిరోను గ్రాహకం, హెర్-2 అనే మూడు పంక్తులు ఉండవలె. మొదటి రెండు గ్రాహకాలకు నూటికి ఒక కేంద్రకం రంగు పట్టినా ఉన్నట్లే లెక్క. హెర్-2 విషయంలో మూడు ప్లస్సులు ఉంటే ఉన్నట్లు. రెండు ప్లస్సులైతే జన్యుపరీక్ష చేసి తేల్చవలె. మూడూ లేని రకానికి పైన చెప్పిన మందులు పనికిరావు, వేరే చికిత్స కావలె. ఈ పరీక్షలన్నిటికీ ఆధారం ఆ చిన్న కండముక్క. దానిని వెంటనే ఫార్మలిన్ ద్రావణంలో వేయకుండ నీటిలోనో ఉప్పునీటిలోనో ఉంచితే గ్రాహకాలు చెడిపోయి, ఉన్నది కూడ లేనట్లు కనిపించవచ్చును. పరీక్ష ముగిసిన తరువాత కూడ మైనపు దిమ్మలో భద్రపరచిన ముక్కను ప్రయోగశాలనుండి అడిగి తీసుకొని మరొకచోట పరీక్ష చేయించవచ్చును. వ్యాధి తిరగబెట్టినప్పుడు కొత్త గడ్డలో గ్రాహకాలు మారి ఉండే అవకాశమున్నది గనుక, వీలైతే దానినుండి కూడ ముక్క తీసి మళ్ళీ చూడమంటారు.