ఎవరి పాట వారిది

శిశువు, పశువు, పాము సైతం గానరసాన్ని ఎరుగునని మన పెద్దలు చెప్పారు. ఆ వరుసలో వృద్ధుల పేరు లేదు. నిజానికి ఆ రసం అందరికంటె వారికే ఎక్కువ అవసరం.

2006లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో డాన్ కోహెన్ అనే సామాజిక సేవకుడు ఒక వృద్ధాశ్రమంలో ఐపాడ్‌లు ప్రవేశపెట్టాడు. అందరికీ ఒకే సంగీతం వినిపించక, ఎవరికి ఏ పాట ప్రియమో విచారించి దానినే వినిపించడం ఆయన పద్ధతి. తల వాల్చుకొని మౌనంగా కూర్చున్న ఒక వృద్ధుడు యౌవనంలో తాను విన్న సంగీతం చెవిన పడగానే కన్నులు విప్పి మాట్లాడిన దృశ్యం 2014 నాటి ‘అలైవ్ ఇన్‌సైడ్’ చిత్రంలో ఉంది. 10 నుంచి 30 ఏండ్ల నడిమి అనుభవాలు స్మృతిలో గాఢంగా నిలుస్తాయని మనస్తత్వ శాస్త్రజ్ఞులు గుర్తించారు. అయితే పాట ఔషధం కాదు. అది దిగులును కొంత తగ్గించగలదే గాని పోయిన జ్ఞాపకశక్తిని తిరిగి తేలేదు.

పాలమూరు పల్లెలలో కొడుకులు, కోడండ్లు బతుకుతెరువుకై వలస పోగా ఇంటికి కాపలాగా మిగిలేది ముసలివారే. నల్లగొండ జిల్లా మర్రిగూడ ప్రాంతంలో ఏండ్ల తరబడి ఫ్లోరైడు నీరు తాగి, వెన్ను వంగి, కీళ్ళు బిగుసుకొని మంచానికే పరిమితమైన వారున్నారు. వీరికి ఏ పాట వినిపించాలి? 2017లో వచ్చిన ‘కార్వాన్’ పెట్టెలో వేల సినిమా పాటలు సిద్ధంగా ఉన్నాయి. మంచిదే. కాని సినిమాహాలు ముఖమెరుగని అవ్వ బాల్యం నాట్ల పాటలో, బతుకమ్మ చుట్టూ తిరిగిన అడుగులలో ఉంది. ఒకరికి తాము తాళం వేసిన మన్నెంకొండ హనుమద్దాసు కీర్తన కావాలి. మరొకరికి కిన్నెరపై విన్న పండుగ సాయన్న కథ కావాలి. (ఆ కథను పన్నెండు మెట్ల కిన్నెరపై పాడిన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ లభించింది.) తొంభై దాటిన నల్లగొండ వృద్ధునికి సుద్దాల హనుమంతు పాట 1946-51 నాటి సాయుధ పోరాటాన్ని కళ్ళకు కట్టవచ్చు, ఆనాడు కోల్పోయిన ఆప్తునీ గుర్తుచేయవచ్చు. కనుక పాట వినిపిస్తూ వారి ముఖం గమనించాలి. కన్నీరు వచ్చినంత మాత్రాన ఆపనక్కరలేదు, కలవరపడితే మాత్రం ఆపాలి.

ఈ పాటలలో అనేకం ఏ దుకాణంలోనూ దొరకవు. “నీ పెండ్లినాడు ఏ పాట పాడిండ్రు అవ్వా?” అని మీరే అడగాలి. ఆ పాట తెలిసినవారు ఊరిలో ఉంటే వారిచేత పాడించి సెల్‌ఫోనులో రికార్డు చేయండి. వినికిడి తగ్గినవారికి శబ్దం విపరీతంగా పెంచడం కంటె, చుట్టూ సద్దు లేనివేళ దగ్గరగా వినిపించడం మేలు. మొదటి చరణం కాగానే ఒక్క క్షణం ఆపి చూడండి, రెండవ చరణం వారే అందుకోవచ్చు.