పెట్టె ఆగినా లైను ఆగకూడదు

రాత్రి రెండింటికి ఫోన్ మోగుతుంది. ‘సార్, మొత్తం నెట్ పోయింది.’ పరుగెత్తి వెళ్లి చూస్తే ఇంటర్నెట్ లైను బాగానే ఉంటుంది, స్విచ్‌లూ బాగానే ఉంటాయి. మధ్యలో చొరబాట్లకు కాపలాగా పెట్టిన ఐపీఎస్ పెట్టె మాత్రం అప్‌డేట్ తరవాత బిగుసుకుపోయి ఉంటుంది. ఊరికంతటికీ నీళ్లిచ్చే కాలువ మీద తూము తలుపు దిగిపోయినట్టే. నెట్‌వర్క్ పనిలో ఉన్నవాళ్లు ఈ ఫోన్ రాకముందే చేసుకోవలసిన పనులు కొన్ని ఉన్నాయి.

మొదటిది నిర్ణయం. పెట్టె చెడితే ట్రాఫిక్‌ను తనిఖీ లేకుండా పోనివ్వాలా, ఆపేయాలా? పోనిస్తే ఫెయిల్ ఓపెన్, ఆపితే ఫెయిల్ క్లోజ్. ఇది నైట్ షిఫ్ట్‌లో ఉన్న ఇంజనీరు ఒక్కరే తేల్చే సంగతి కాదు. సెక్యూరిటీ వాళ్లు, ఆ లైను మీద పని నడిచే విభాగం వాళ్లు కలిసి కూర్చుని ఒక్కో లైనుకు విడిగా తేల్చి, రాసి పెట్టుకోవాలి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ఫెయిల్ ఓపెన్ అంటే పెట్టెను తప్పించి తీగలు నేరుగా కలపడం, అంటే బైపాస్. రూటింగ్, నాట్ చేసే ఫైర్‌వాల్‌ను అలా బైపాస్ చేసి లాభం లేదు. దాని రెండు వైపులా వేర్వేరు సబ్‌నెట్‌లు ఉంటాయి. తీగలు కలిపినా ట్రాఫిక్ నడవదు. అక్కడ జంటగా రెండో ఫైర్‌వాల్ పెట్టుకోవడమే దారి. బైపాస్ పనికొచ్చేది లేయర్ 2లో, ఐపీ చిరునామాలతో పనిలేకుండా మధ్యలో కూర్చునే పెట్టెలకు.

ఈ పని చేసేది లైనుకూ పెట్టెకూ మధ్య పెట్టే బైపాస్ స్విచ్. అది పెట్టెకు వచ్చే రెండు రకాల చావులను పట్టుకోవాలి. కరెంటు పోతే లోపలి రిలే వెనక్కి పడి రెండు వైపుల తీగలను నేరుగా కలుపుతుంది. ఇక రెండోది, కరెంటు ఉండి, లింక్ లైట్లు వెలుగుతూ, లోపల సాఫ్ట్‌వేర్ మాత్రం ఆగిపోవడం. దీన్ని హార్ట్‌బీట్ పట్టుకుంటుంది: బైపాస్ స్విచ్ ఒక పోర్టు నుంచి చిన్న ప్యాకెట్ పంపి, అది పెట్టెలోంచి దూరి రెండో పోర్టుకు వచ్చిందా అని చూస్తూనే ఉంటుంది. వరసగా కొన్ని రాకపోతే దారి మారుస్తుంది. ఆ ప్యాకెట్లను ఐపీఎస్ పాలసీ అడ్డుకోకుండా చూసుకోండి.

ఇక అందరూ మరిచిపోయేది ఇదే. బైపాస్ పడిన క్షణంలో, ఇన్నాళ్లూ పెట్టెతోనే మాట్లాడిన రెండు స్విచ్‌లు మొదటిసారి ముఖాముఖి అవుతాయి. వాటికి పొత్తు కుదరాలి. నేను పనిచేసిన ఒకచోట ఒక స్విచ్ పోర్టును 100 ఫుల్ డూప్లెక్స్‌కు చేత్తో బిగించారు, రెండోది ఆటోలో ఉంది. బైపాస్ పడింది, లైట్లు వెలిగాయి, ట్రాఫిక్ మాత్రం నత్తనడక. ఆటోలో ఉన్న వైపు హాఫ్ డూప్లెక్స్‌కు దిగిపోయిందని కనుక్కునేసరికి తెల్లారింది. అందుకే రెండు చివరల స్పీడు, డూప్లెక్స్, వీల్యాన్‌లు సరిచూడండి. రాగి తీగైతే రెండు వైపుల కేబుళ్లూ కలిసి ఒకటే అవుతాయి కనుక మొత్తం 100 మీటర్లు దాటకూడదు. ఫైబరైతే రెండు వైపులా ఒకే రకం ఉండాలి, మొత్తం దారిలో కాంతి నష్టం ఎంతో లెక్క వేసుకోవాలి.

ఇవన్నీ కాగితం మీద సరిపోతే చాలదు. మెయింటెనెన్స్ విండోలో ల్యాప్‌టాప్ మీద ఆగకుండా పింగ్ పెట్టి, పెట్టె పవర్ కార్డు లాగండి. సెకనుకో పింగ్ అనుకుంటే, ఒకటి రెండు పోతే రిలే తన పని చేసినట్టు. ముప్పై దాకా పోతే అది స్పానింగ్ ట్రీ పని: పాత 802.1డీ పోర్టును లిజనింగ్‌లో 15, లెర్నింగ్‌లో 15 సెకన్లు నిలబెడుతుంది. రెండు స్విచ్‌లలోనూ ర్యాపిడ్ స్పానింగ్ ట్రీ పెట్టి మళ్లీ లాగి చూడండి. తరవాత కార్డు పెట్టి, తిరిగి వచ్చేటప్పుడు ఎన్ని పోయాయో లెక్కపెట్టండి. లోడు ఎక్కువై పడిపోయిన పెట్టె కోలుకుని, ట్రాఫిక్ రాగానే మళ్లీ పడిపోవచ్చు. అందుకని బైపాస్‌కు త్వరగా వెళ్లేలా, వెనక్కి నిదానంగా వచ్చేలా సెట్ చేయండి.

బైపాస్‌లో అసలు ప్రమాదం నిశ్శబ్దం. నెట్ నడుస్తుంది కనుక ఎవరూ ఫిర్యాదు చేయరు. తనిఖీ లేకుండానే వారాలు గడిచిపోతాయి. బైపాస్ పడగానే ఎవరో ఒకరి ఫోన్ మోగాలి. ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు దాచాలి. బైపాస్ ఉన్నంతసేపూ ట్రాఫిక్ గురించి ఐపీఎస్ లాగ్ ఖాళీ. ఆ ఖాళీ ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగిసిందో రాసి ఉంచితేనే రేపు ఎవరైనా అడిగితే జవాబు చెప్పగలరు.

ఈ నెల మెయింటెనెన్స్ విండోలో ఒక గంట అడిగి తీసుకోండి. కార్డు మీ చేత్తో మీరే లాగి చూడండి. లాగి చూడని బైపాస్ మీద భరోసా పెట్టుకోకండి.