అవధాన భేదములు – జీవిత సార్థకత



“వీనికి శ్రద్ధ లేదు” అను మాట మన పాఠశాలలలో ఎంత సులభముగా పలుకబడుచున్నదో మీ రెల్లరు నెరుగుదురు. ఉపాధ్యాయులు ప్రగతి పత్రములమీద ఆ మాట వ్రాయుదురు. ఇంటివద్ద తల్లిదండ్రులు దానినే మరల ననుదురు. కొంతకాలమునకు బాలుడు తానును దానిని నమ్మును. నేనును ఆ మాటను అనేక పర్యాయములు వ్రాసినవాడనే. అది యెంతవఱకు నిజమో ఈ వ్యాసమున విచారింప దలచితిని.

నేను ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించిన తొలి సంవత్సరములలో ఒకనాడు నిష్పత్తి పాఠము చెప్పుచుంటిని. వెనుక వరుసలో నొక బాలుడు తల వంచుకొని యేదో గీయుచుండెను. రెండు మారులు పిలిచితిని, పలుకలేదు. దగ్గఱకు పోయి చూడగా లెక్కల పుస్తకపు చివరి పుటలలో సైకిలు చక్రములు, గొలుసు, పెడళ్లు గీయబడి యుండెను. అతని తండ్రి సైకిళ్లు బాగుచేయువాడు. నేను కోపముతో ఆ పుటలను చింపి, తరగతి యెదుట అతనిని సోమరి యంటిని. ఆ బాలుడు ఏడ్వలేదు. ఆ పిమ్మట గీయనూ లేదు. మఱుసటి యేడు బడి మానెను.

చింపిన కాగితములను ఆ సాయంకాలమే బల్ల సొరుగునుండి తీసి చూచితిని. ముందరి పండ్లచక్రమునకు 48 పండ్లు, వెనుక దానికి 18 పండ్లు లెక్కపెట్టి గీసి యుండెను. 48కిని 18కిని గల నిష్పత్తి 8కి 3. అనగా, పెడళ్లు ఒక్క చుట్టు తిరిగినచో వెనుక చక్రము రెండు చుట్లును, మఱియొక చుట్టులో మూడింట రెండు వంతులును తిరుగును. నేను నల్లబల్లమీద చెప్పుచున్న పాఠమే ఆ బొమ్మలో నుండెను.

అవధానము ఒక్కటి కాదు

అవధానమను మాట తెలుగువారికి క్రొత్తది కాదు. తిరుపతి వేంకట కవులవంటివారు చేసిన అష్టావధానములో ఎనమండుగురు పృచ్ఛకులు ఎనిమిది విధముల చిక్కులు కల్పించుచుండగా, అవధాని యే యొక్కదానిని మఱువక సమాధానము లొసగవలెను. అట్టి శక్తి పద్యముపై గల ప్రీతిచేతను చిరకాలాభ్యాసముచేతను కలుగునదే గాని, ప్రతి మనుష్యుడు పుట్టుకతో నొక కొలత చొప్పున తెచ్చుకొని అన్ని పనులయందు సమానముగా పంచిపెట్టునది కాదు.

అమెరికా దేశపు మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడగు విలియం జేమ్స్ 1890లో ప్రకటించిన గ్రంథమునను, 1899లో ఉపాధ్యాయులకై ప్రకటించిన ఉపన్యాసములలోను ఈ విషయమును విశదపఱచెను. వస్తువు తానై మనస్సును లాగుకొనునది యొక విధమగు అవధానము. ప్రయత్నపూర్వకముగా మనస్సును మరల్చి నిలుపునది మఱియొక విధము. ఈ రెండవది కొలది క్షణములు మాత్రమే నిలుచును; మాటిమాటికి మరల తెచ్చుకొనవలసినదే. కావున రుచింపని విషయమును, బాలునకు ముందే రుచించియున్న విషయముతో ముడివేసి చెప్పవలెనని ఆయన బోధించెను. శిక్షణ కళాశాలలో నేను ఈ సూత్రమును చదివి, పరీక్షలో వ్రాసి, మార్కులును పొందితిని. ఆ సైకిలు బొమ్మను చూచినప్పుడు మాత్రము అది నాకు జ్ఞప్తికి రాలేదు.

వైద్యులు కనుగొన్నది

ఇందు శరీరధర్మమునకు సంబంధించిన భాగమును గలదు. 1798లో అలెగ్జాండర్ క్రైటన్ అను స్కాట్లండు వైద్యుడు అవధానమును, దాని వికారములను గూర్చి తన గ్రంథమున నొక ప్రకరణము వ్రాసెను. 1902లో జార్జి స్టిల్ అను శిశువైద్యుడు లండనులో, బుద్ధిమాంద్యము లేకున్నను తమ్ము తాము నిగ్రహించుకొనలేని బిడ్డలను గూర్చి ఉపన్యసించెను. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘము ఈ స్థితికి అవధాన లోపమను పేరిడి, 1987లో అతిచాంచల్యమును గూడ ఆ పేరున చేర్చెను.

ఇది చాలవఱకు వంశానుగతమనియు, సోమరితనము గాని పెంపకపు దోషము గాని దీనికి మూలము కాదనియు నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది. అనేకులలో పెద్దయైన పిదపను ఇది నిలుచును. బాలికలలో తఱచు అల్లరి రూపమున గాక, నిశ్శబ్దముగా ఊహలలో మునుగుటగా కనబడుటచే గుర్తింపబడకయే పోవును. అట్టి బిడ్డలకు దండన మందు కాదు. వైద్యుని సలహా, చిన్న భాగములుగా విభజించిన పని, నియతమైన వేళలు, పెద్దల యోపిక వారికి కావలయును.

అయితే మనస్సు నిలువని ప్రతి బిడ్డకును ఈ లోపమున్నదని తలపరాదు. నిద్ర చాలకపోవుట, ఆకలి, చూపు మందగించుట, చెవి సరిగా వినబడకపోవుట, ఇంటి దుఃఖము – ఇవియు మనస్సును చెదరగొట్టును. అట్లే ఈ లోపము గలవారెల్లరు ప్రతిభావంతులే యని చెప్పుటయు సత్యము కాదు.

పలకయు నోటుపుస్తకములును

ఒకే మనస్సు ఒకచోట మిక్కిలి నిలిచి, మఱియొకచోట బొత్తిగా నిలువకుండుటకు శ్రీనివాస రామానుజన్ గారి చరిత్రము నిదర్శనము. ఆయనకు పైన చెప్పిన లోపము ఉండెనని నేననుట లేదు. అట్లనుటకు ఆధారము లేదు.

ఆయన 1887వ సంవత్సరము డిసెంబరు 22వ తేదీని ఈరోడులో జన్మించి కుంభకోణమున పెరిగిరి. తండ్రి బట్టల వర్తకుని యొద్ద గుమాస్తా. 1903లో జి. ఎస్. కార్ అను ఆంగ్లేయుడు కూర్చిన గణిత సంగ్రహ మొకటి ఆయన చేతికి వచ్చెను. సుమారు 5000 ఫలితములు వరుసగా నుండి, వానికి ఉపపత్తులు మిక్కిలి క్లుప్తముగా నున్న పుస్తకమది. ఆ ఫలితములను ఒక్కొక్కటిగా తామే సాధింప మొదలిడిన పిమ్మట ఆయన మనస్సు ఇతర పాఠములయందు నిలువలేదు.

1904లో విద్యార్థివేతనముతో కుంభకోణము ప్రభుత్వ కళాశాలలో చేరి, ఆంగ్లమున తప్పి, ఆ వేతనమును పోగొట్టుకొనిరి. 1905లో ఇంట చెప్పక విశాఖపట్టణమునకు వెడలిపోయిరి. 1906లో మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో చేరిరి, ఎఫ్. ఏ. పరీక్ష తప్పిరి, 1907లో మరల తప్పిరి. గణితమున ఎంతటి దిట్టయైనను అన్ని విషయములందును కృతార్థుడైన గాని ముందునకు పోవ వీలులేని కాలమది.

కాగితములకు డబ్బు చాలక ఆయన పలకమీద లెక్కలు చేసి, మోచేతితో తుడిచివైచి, ఫలితములను మాత్రము నోటుపుస్తకములలో వ్రాసికొనుచుండిరి. 1910లో ఆ పుస్తకములతో భారత గణితశాస్త్ర సంఘ స్థాపకులగు వి. రామస్వామి అయ్యరు గారిని చూచిరి. పిదప నెల్లూరు కలెక్టరుగా నుండిన ఆర్. రామచంద్రరావు గారిని దర్శించిరి. ఏమి కావలెనని అడిగినప్పుడు, తిండికి లోటు లేక గణితము చేసికొనుటకు తీరిక మాత్రమే కోరిరట. రావుగారు కొంతకాలము నెలకు 25 రూపాయలు తమ చేతినుండి యొసగిరి. 1911లో ఆయన తొలి వ్యాసము సంఘపు పత్రికలో అచ్చుపడెను. 1912 మార్చి 1వ తేదీని మద్రాసు పోర్టు ట్రస్టులో 30 రూపాయల జీతముపై గుమాస్తాగా చేరిరి. అక్కడి పెద్దలును ఆయన పుస్తకములను త్రోసివేయక, చూచి ప్రోత్సహించిరి.

1913 జనవరి 16వ తేదీని ఆయన కేంబ్రిడ్జిలోని జి. హెచ్. హార్డీ గారికి లేఖ వ్రాసిరి. హార్డీ గారును, వారి మిత్రులగు లిటిల్‌వుడ్ గారును ఆ లేఖలోని సూత్రములను పరీక్షించి, వ్రాసినవాడు అసాధారణుడని గ్రహించిరి. 1914 మార్చి 17వ తేదీని రామానుజన్ గారు ఓడ నెక్కిరి.

ఇచ్చట ఉపాధ్యాయులు గమనింపవలసిన విషయమొకటి కలదు. రామానుజన్ గారికి అపూర్వ ఫలితములు తోచుచుండెను గాని, వానిని క్రమముగా నిరూపించు పద్ధతి యంతగా తెలియదు. ఆ పద్ధతి నేర్పకపోయిన ఆయన తప్పులలో పడవచ్చును. మొదటినుండి పాఠ్యక్రమము ప్రకారము బలవంతముగా నేర్పిన ఆయన ధైర్యమే చెడవచ్చును. హార్డీ గారు ఈ రెండింటికిని నడిమి మార్గమును త్రొక్కి, ఆయన చేయుచున్న పనినుండియే ఆయనకు కావలసినది నేర్పిరి. తాము నేర్పినదానికంటె నేర్చుకొన్నదే యెక్కువ యని తరువాత వ్రాసిరి.

1918లో రామానుజన్ గారు రాయల్ సొసైటీ సభ్యులైరి. వ్యాధితో 1919లో స్వదేశమునకు మరలి, 1920 ఏప్రిలు 26వ తేదీని 32 ఏండ్ల ప్రాయమున మద్రాసులో మరణించిరి. చివరి దినములలో వ్రాసిన కాగితములు 1976లో ట్రినిటీ కళాశాల గ్రంథాలయమున జార్జి ఆండ్రూస్ అను గణితజ్ఞునకు దొరకెను. పూర్వపు నోటుపుస్తకములలోని ఫలితములకు ఉపపత్తులు కూర్చి బ్రూస్ బెర్న్ట్ గారు 1985 మొదలు 1998 వఱకు అయిదు సంపుటములు ప్రకటించిరి. పరీక్ష తప్పిన బాలుని పుస్తకములను పండితులు నేటికిని చదువుచున్నారు. వానిని ఎవ్వరును చింపలేదు.

సార్థకమైన జీవితము

గత సంవత్సరము మా వసతిగృహపు నీటి మోటారు చెడిపోగా, బాగుచేయ వచ్చినవాడు నాటి బాలుడే. ఇప్పుడతడు చుట్టుప్రక్కల గ్రామములలో పంపుసెట్లకు పేరుపొందిన పనివాడు. ఇద్దఱు కుఱ్ఱవాండ్రకు పని నేర్పుచున్నాడు. భాగముల పటమును సుద్దతో నేలమీద గీసి వారికి చూపుచుండెను. పని ముగిసిన పిదప నేను ఆనాటి సంగతి యెత్తి, నాది తప్పని చెప్పితిని. అతడు నవ్వి, “ఆ కాగితముల కేమి లెండి, మాస్టారూ! ఆ నిష్పత్తి లెక్కలు మాత్రము నాకు వచ్చియుండిన బాగుండెడిది. ఇప్పటికిని కప్పీల కొలతలు మఱియొకని నడుగవలసి వచ్చుచున్నది” అనెను.

ఆ మాట నన్ను మిక్కిలి నొప్పించెను. అతడు తన జీవితమును సార్థకము చేసికొనెను, పదిమందికి నీరందించుచున్నాడు. నేను నేర్పవలసినది మాత్రము నేర్పలేదు. ఆ బొమ్మను ముందుంచుకొనియే ఆనాడు పాఠము చెప్పి యుండవచ్చును.

తల్లిదండ్రులారా! మీ బిడ్డ దేనియందు మనస్సు నిలుపలేకున్నాడో మీకు తెలియును. దేనియందు ఆకలి మఱచి కూర్చుండునో దానిని గూడ గమనింపుడు. రెండును కలిపి ఉపాధ్యాయునకు చెప్పుడు.

సహోపాధ్యాయులారా! నోటుపుస్తకములు దిద్దునప్పుడు చివరి పుటలను గూడ చూడుడు. పాఠమునకు త్రోవ అచ్చట దొరకవచ్చును.

విద్యార్థులారా! రామానుజన్ గారు పరీక్ష తప్పిరి గనుక మనమును తప్పవచ్చునని తలంపకుడు. ఇతర పాఠములు విడుచుటచే ఆయన పడిన కష్టములు సామాన్యములు కావు. ఆయన గొప్పతనము పరీక్ష తప్పుటలో లేదు, ఎవరు చూచినను చూడకున్నను నోటుపుస్తకము విడువకుండుటలో నున్నది. మనలో నందఱును అంతటివారు కానక్కఱలేదు. మీ మనస్సు నిలుచు చోటును తెలిసికొనుడు. ప్రతిదినము కొంత సేపు దానిమీద పనిచేయుడు. అది ఇతరుల కేవిధముగా ఉపకరించునో యోచింపుడు. చివరి పుటలలోని బొమ్మలను దాచకుడు. ముందరి పుటలలోని లెక్కలను విడువకుడు.