పాకలోని జీపు

కొల్లేటి గట్లమీద తిరిగి ఆగిపోయిన తాతయ్య జీపు, విల్లీస్‌వారి 1953 నాటి సీజే-3బీ నమూనాలో మహీంద్రావారు చేసినది, మా పశువుల పాకలో ఉంది. "సంక్రాంతికి కదలకపోతే తాడేపల్లిగూడెం పాతఇనుము కొట్టుకే" అన్నారు నాన్నగారు.

ఒకటో పిస్టన్ పైకి రాగానే డిస్ట్రిబ్యూటర్ వైర్లు పెట్టాను. హ్యాండిల్ తిప్పితే కార్బురేటర్ ఢామ్మంది. గేదె పలుపు తెంచుకుంది!

తప్పెక్కడ? ఫోర్‌స్ట్రోక్ ఇంజనులో పిస్టన్ రెండుసార్లు పైకొస్తుంది. ఒకసారి గాలీ పెట్రోలూ నొక్కడానికి, ఇంకోసారి పొగ తోసెయ్యడానికి. నేను పట్టుకున్నది రెండోది. ప్లగ్గు తీసి, రంధ్రంమీద బొటనవేలుంచి, తమ్ముడిచేత తిప్పించాను. గాలి వేలిని తన్నింది. అదీ గుర్తు! అప్పుడు రోటరు చూపినచోట ఒకటో వైరు, మిగతావి 1-3-4-2 వరుసలో.

మూడో తిప్పుకి దగ్గింది. ఆరో తిప్పుకి అందుకుంది.

నాన్నగారొచ్చి, "పెట్రోలెంత తాగుతుందిరా?" అన్నారు.