రెక్కల ఆవును చెరిపేయకండి

"ఆవుకెక్కడైనా రెక్కలుంటాయా? చెరిపేసి సరిగ్గా గియ్యి." ఈ మాట మన ఇళ్ళలో తరచుగా వినిపిస్తుంది. బిడ్డ ఏనుగుకు నెమలి తోక పెట్టినా, మేకకు చేప రెక్కలు పెట్టినా వెంటనే దిద్దుతాం. నిజానికి ఆ బిడ్డకు ఆవు తెలుసు, రెక్కలూ తెలుసు. తెలిసిన రెండింటినీ కలిపి కొత్తది చేస్తోంది. నాలుగుసార్లు దిద్దితే ఐదోసారి బొమ్మ మనకు చూపించదు.

మన శిల్పులు చేసిందీ ఇదే

16వ శతాబ్దంలో కట్టిన లేపాక్షి గుడి స్తంభాల మీద యాళి కనబడుతుంది. యాళిది సింహపు ఒళ్ళు, కొన్నిచోట్ల దానికి ఏనుగు తొండం కూడా ఉంటుంది. మకరానిది చేప తోక. గండభేరుండం రెండు తలల పక్షి. 15వ శతాబ్దంలో సరళాదాసు రాసిన ఒరియా మహాభారతంలోని నవగుంజరంలో తొమ్మిది ప్రాణుల అవయవాలున్నాయి.

వయసును బట్టి ఊహ

అనెట్ కార్మిలాఫ్ స్మిత్ అనే శాస్త్రవేత్త లోకంలో లేని జంతువును, మనిషిని, ఇంటిని గీయమని పిల్లలను అడిగి, ఫలితాలను 1990లో ప్రచురించారు. నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లలు ఎక్కువగా ఆకారం మార్చారు, లేదా ఒక కాలో చెవో తీసేశారు. ఒకదాని అవయవాన్ని మరొకదానికి అతికించడం ఎనిమిది, పదేళ్ళ పిల్లల్లో ఎక్కువగా కనిపించింది. అయితే ఒక ఉదాహరణ చూపిస్తే చిన్నపిల్లలూ చేయగలరని తర్వాతి పరిశోధనల్లో తేలింది. కాబట్టి పెద్దల ప్రోత్సాహం అవసరం.

తల్లిదండ్రులు చేయవలసినవి

1. దిద్దకుండా అడగండి: "దీని పేరేమిటి? ఏం తింటుంది? ఎలా అరుస్తుంది?" జవాబులు చెబుతుంటే మాటలు పెరుగుతాయి.

2. అసలు జంతువులను దగ్గరగా చూపించండి. గేదె గిట్ట, కోడి కాలు, ఒంగోలు గిత్త మూపురం గమనించిన బిడ్డకు కలపడానికి సరుకు దొరుకుతుంది.

3. కాగితాన్ని మూడు మడతలు పెట్టండి. ఒకరు తల, ఒకరు నడుము, ఒకరు కాళ్ళు, పక్కవారిది చూడకుండా గీయాలి. విప్పితే ఇంటిల్లిపాదికీ నవ్వు.

4. మన మార్కాపురం పలక మంచి సాధనం. కానీ పలక మీది బొమ్మ చెరిగిపోతుంది. అప్పుడప్పుడు ఒకటి కాగితం మీద గీయించి, తేదీ వేసి దాచండి.

5. "ఇది నిజంగా ఉందా?" అని అడిగితే "లేదు, నువ్వు కల్పించావు" అని మెచ్చుకోలుగా చెప్పండి. కల్పనను అబద్ధమని తిట్టకండి. అన్నం తినడం లేదని ఆ జంతువు పేరుతోనే భయపెట్టకండి.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

బలపం గీయడానికే. బిడ్డ బలపాలు, మట్టి తింటుంటే కొట్టకండి. రక్తహీనత ఉండవచ్చు, రక్తపరీక్ష చేయించండి.

రెండున్నరేళ్ళకు చాలామంది పిల్లలు ఖాళీ గిన్నెలో ఉత్తుత్తి అన్నం వండి పెడతారు. అలాంటి ఆటలు అసలు లేకపోయినా, పేరు పెట్టి పిలిస్తే పలకకపోయినా, వచ్చిన మాటలు పోయినా "మెల్లగా అదే వస్తుంది" అని ఆగవద్దు. పిల్లల డాక్టరుకు చూపించండి. త్వరగా గుర్తిస్తే సాయం త్వరగా అందుతుంది.

ఈ సాయంత్రం పది నిమిషాలు టీవీ, సెల్‌ఫోను పక్కన పెట్టి బిడ్డ పక్కన కూర్చోండి. ఆవుకు రెక్కలు ఎన్ని పెట్టాలో బిడ్డనే చెప్పనివ్వండి.